చైత్ర పున్నమికి తెరిచే దారి

నల్లమల అడవిలో లింగమయ్య కొలువున్న సలేశ్వరం లోయ హైదరాబాద్‌కు అంత దూరమేమీ కాదు. మన్ననూరు దాకా సుమారు 140 కిలోమీటర్లు చక్కని రోడ్డు, ఆ తరువాత కొంత అడవి బాట, చివర కొన్ని మైళ్ల నడక. అయినా హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన వాళ్లలో దాన్ని చూసినవారు తక్కువ. ఆ లోయ అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిబొడ్డున ఉంది. ఏడాది పొడవునా అటు వెళ్లే దారి మూసే ఉంటుంది. చైత్ర పున్నమికి అటూ ఇటూగా కొద్ది రోజులు మాత్రం, లింగమయ్య జాతర కోసం, ఫరహాబాద్ గేటు తెరుస్తారు. ఆ రోజులు తప్పితే మళ్లీ వచ్చే చైత్రమే.

మా మేనమామది అచ్చంపేట. ఆయన చిన్నతనంలో లింగాల వైపు నుంచి తన తాతతో కలిసి సద్ది మూట నెత్తిన పెట్టుకుని, రాత్రి అడవిలోనే పడుకుంటూ ఈ జాతరకు నడిచి వెళ్లాడు. ఆ కథలు వింటూ పెరిగాను. ఈసారి ఆయన వెంట బయలుదేరాను.

త్రయోదశి

ఎంజీబీఎస్‌లో శ్రీశైలం బస్సు ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. తుక్కుగూడ దాటాక కూడా నగరం మనల్ని వదలదు. కడ్తాల్ దాకా ప్లాట్ల హద్దురాళ్లు, వెంచర్ల స్వాగత తోరణాలే. ఆమనగల్లు, వెల్దండ దాటిన తరువాత గాని ఎర్రనేలలు, తాటిచెట్లు, పంట కోసిన పొలాలు కంటికి ఆనవు. డిండి దగ్గర జలాశయంలో నీళ్లు బాగా లోపలికి పోయాయి. ఈ డిండి వాగు వెళ్లి కృష్ణలో, నాగార్జునసాగర్ నీళ్లలో కలుస్తుంది. 2004 నుంచి ఆ సాగర్ నీళ్లనే పైపుల్లో ఎక్కించి హైదరాబాద్‌కు తెస్తున్నారు. సరూర్‌నగర్‌లో మా ఇంటి కుళాయిలో వచ్చేదీ ఆ కృష్ణ నీళ్లే. ఈ వైపు నల్లమల వాగులు చివరికి కృష్ణలోకే దిగుతాయి కాబట్టి, ఈ అడవి ఎండితే మా వీధికీ దాహమే. బస్సు కిటికీలోంచి డిండిని చూస్తున్నప్పుడు ఆ సంగతి బలంగా తట్టింది.

హాజీపూర్ కూడలిలో మామయ్య ఎక్కాడు. చేతిలో వెదురు కర్రలు రెండు. "ఒకటి నీకే తల్లీ, దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది" అన్నాడు.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర చీకటి పడింది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఈ రహదారి మీద వాహనాలను వదలరు. దుప్పులు, కణితులు, ఎలుగులు రాత్రివేళ నీటి కోసం రోడ్డు దాటుతాయి. వేగంగా వచ్చే లారీ దీపాలు కళ్లలో పడితే అవి కదలకుండా నిలబడిపోతాయి. ఈ నిబంధన మీద విసుక్కునే ప్రయాణికులు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం రాష్ట్రంలో ఇంతకంటే మంచి ట్రాఫిక్ నియమం కనబడలేదు. రోజులో తొమ్మిది గంటలైనా ఆ దారి దాని అసలు యజమానులకు దక్కుతోంది.

చతుర్దశి

పున్నమి నాడే లోపలికి వెళ్లాలని మామయ్య పట్టు. అందుకని ఈ రోజు మన్ననూరు చుట్టుపక్కల గడిపాం. మామయ్యకు తెలిసిన ఒక చెంచు యువకుడు మాతో వచ్చాడు. అతను అటవీ శాఖలో ట్రాకర్‌గా పనిచేస్తాడు. పులి అడుగు జాడలు చూడడం, చెట్లకు కట్టిన కెమెరాలు సరిచూడడం, వేసవిలో నిప్పు రేగితే ఆర్పడం అతని పని.

నల్లమల అంటే పచ్చటి, తడి అడవిని ఊహించుకుని వచ్చేవాళ్లకు చైత్రంలో ఇది వింతగా ఉంటుంది. ఇది ఉష్ణమండలపు ఆకురాల్చే అడవి. నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి, బిల్లుడు చెట్లు ఎండలకు ఆకులు దులుపుకుని నిలబడతాయి. నేల మీద రాలిన ఆకులు మోకాలి దాకా లేకపోయినా చీలమండ దాకా ఉన్నాయి. అడుగు వేస్తే చప్పుడు చాలా దూరం పోతుంది. ఒక్క అగ్గిపుల్ల చాలు, కొండలకు కొండలు అంటుకుంటాయి. అందుకే దారుల పక్కన ఆకులు ఊడ్చి, కాల్చి, నిప్పు దాటకుండా ఖాళీ గీతలు వేస్తారు. బీడీ, సిగరెట్ మీద ఇక్కడి సిబ్బంది అంత కఠినంగా ఉండడానికి కారణం ఇదే.

తెల్లటి బెరడుతో మెరుస్తున్న చెట్టు దగ్గర ట్రాకర్ ఆగాడు. తపసి చెట్టు. దాని బెరడు మీద గాటు పెడితే ఊరే జిగురును చెంచులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. మందులలో, ఆహార పదార్థాలలో అది వాడతారు. గాటు ఎంత లోతుగా పెట్టాలన్నది చేతికి తెలియాలి. లోతెక్కువైతే చెట్టు చస్తుంది. తేనె సంగతి ఇంకా ఆశ్చర్యం. కొండ అంచు నుంచి తీగల తాడు మీద వేలాడుతూ పెద్ద తేనెపట్టు కోసేటప్పుడు, పైన తాడు పట్టుకునేది బావమరిదే అయి ఉండాలన్నది వాళ్ల ఆచారం. తన అక్కో చెల్లో విధవ కాకూడదని అతను ప్రాణం పెట్టి తాడు పట్టుకుంటాడు. అతని చేతుల మీద నమ్మకం ఉంది కాబట్టే కింద ఉన్నవాడికి భయం లేదు. ఇంతకంటే గట్టి బీమా ఏ కంపెనీ ఇవ్వగలదు?

ఆ సాయంత్రం అతను చూపించిన వాటిలో నా మనసులో నిలిచింది చాలా చిన్న ప్రాణి గురించిన మాట. మూషిక జింక. కుందేలు కంటే పెద్దగా ఉండని జింక, పగలంతా పొదల్లో దాక్కుని రాత్రి తిరుగుతుంది. ఇవి అరుదైపోతున్న దశలో హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాల, సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి వీటి సంతతిని పెంచారు. 2017లో కొన్నిటిని తెచ్చి ఈ అమ్రాబాద్ అడవిలో వదిలారు. బహదూర్‌పురాలో పుట్టిన జింక ఫరహాబాద్ పొదల్లో కాపురం పెట్టింది. నగరం ఈ అడవికి తిరిగి ఇచ్చిన అరుదైన మంచి కానుక అది.

టీ కొట్టు దగ్గర మాటలు 2019 మీదికి వెళ్లాయి. ఆ సంవత్సరం ఇక్కడ 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం బోర్లు వేసి చూడాలన్న ప్రతిపాదన ముందుకు కదిలింది. మన్ననూరు, అమ్రాబాద్, పదర జనం రోడ్ల మీదికి వచ్చారు. హైదరాబాద్‌లో విద్యార్థులు, రచయితలు, సినిమావాళ్లు గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కొట్టు యజమాని ఆ రోజులను నిన్నటివిలా చెప్పాడు. "బోరు బండ్లు వస్తాయేమోనని రాత్రంతా కాపలా కాశాం" అన్నాడు. వాళ్లు అలా కాపలా కాసినందుకు కృష్ణ నీళ్లు తాగే ప్రతి హైదరాబాదీ వాళ్లకు రుణపడి ఉన్నాడు. ఆ మాట అతనితోనే అన్నాను.

పౌర్ణమి

తెల్లవారక ముందే జీపులో ఫరహాబాద్ గేటు చేరాం. అప్పటికే వరుస చాలా పొడుగ్గా ఉంది. ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు, మోటారు సైకిళ్లు. గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తున్నారు. ప్లాస్టిక్ కవర్లు, మద్యం, అగ్గిపెట్టెలు తీసేస్తున్నారు. స్టీలు బిందెలో నీళ్లు తెచ్చుకున్న ఒక పెద్దామెను చూసి గార్డు నమస్కారం పెట్టాడు.

గేటు దాటితే బాట మొత్తం ఎర్రమట్టి, రాళ్లు. ఫరహాబాద్ దగ్గర నిజాం కాలపు వేట బంగళా శిథిలాలు కనిపిస్తాయి. ఒకప్పుడు పులులను చంపడానికి వచ్చి విడిది చేసిన కొండ మీద ఇప్పుడు పులులను కాపాడే కేంద్రం నడుస్తోంది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవులను పులుల సంరక్షణ పథకంలోకి తీసుకున్నారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ అభయారణ్యంగా వేరుపడింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కేంద్ర ప్రాంతం, అంటే కోర్ ఏరియాయే. మేము పోతున్నది ఆ కేంద్రంలోకి.

రాంపూర్ పెంట అనే చెంచు గూడెం దాటే లోపు మా జీపు టైరు పంక్చరైంది. వెనక వచ్చే బండ్లు దాటిపోవడానికి చోటు లేదు. ఎవరూ తిట్టలేదు. వెనక ట్రాక్టర్లోంచి పది మంది దిగి జీపును అమాంతం ఎత్తి పక్కకు పెట్టారు. వాళ్లు దేవరకొండ వైపు వాళ్లు. టైరు మార్చేదాకా ఉండి, మాకు జొన్నరొట్టె, పచ్చడి పెట్టి మరీ వెళ్లారు.

బండ్లు ఆగే చోటు నుంచి నడక. మొదట్లో తేలికే. చెట్ల కింద మనుషుల బారు. ముందు నుంచి ఒక గొంతు "వస్తున్నాం వస్తున్నాం" అంటే వెనక వందల గొంతులు "లింగమయ్యా" అంటాయి. అది అలా కొండ మలుపు తిరిగి, వినబడనంత దూరం పోయి, మళ్లీ వెనక నుంచి మొదలవుతుంది. ఎండ ముదిరాక ఊపిరి ఆడనప్పుడు ఆ కేకే కాళ్లను నడిపించింది. మామయ్య కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "మా తాత ఇక్కడే అరిచాడు తల్లీ, ఈ మలుపులోనే" అన్నాడు.

తరువాత నేల ఒక్కసారిగా తెగిపోతుంది. ఎదురుగా మరో కొండ, మధ్యలో అడుగు కనబడని లోయ. అక్కడి నుంచి దిగాలి. ఇంటి మెట్ల లాంటివి కావు, పెద్ద పెద్ద బండలు. కొన్నిచోట్ల కూర్చుని జారాలి, కొన్నిచోట్ల చెట్టు వేళ్లు పట్టుకోవాలి. ఒకచోట కొండ గోడను ఆనుకుని ఒక్క మనిషి పట్టే అంచు. ఒక పక్క రాయి, ఇంకో పక్క ఖాళీ. కిందికి వెళ్లేవాళ్లు, పైకి వచ్చేవాళ్లు ఒకరికొకరు దారి ఇస్తూ, చేతులు పట్టుకుని దాటిస్తూ పోవాలి. వెదురు కర్ర విలువ నాకు నిజంగా అక్కడే తెలిసింది. చంటి బిడ్డను చీరతో వీపుకు కట్టుకుని దిగుతున్న తల్లిని చూశాను. ఆమె అడుగు ఒక్కసారి కూడా తడబడలేదు.

దిగుతున్నకొద్దీ గాలి మారింది. పైన నిప్పులు చెరిగే ఎండ, కింద చెట్లకు ఆకులున్నాయి, రాళ్లకు నాచు ఉంది. ఇక్కడి కొండలు గట్టి క్వార్ట్‌జైటు రాయి. వానకాలంలో కురిసిన నీరు పైన పీఠభూమి మీద రాతి పగుళ్లలోకి ఇంకి, నెలల తరబడి లోపల దాగి, లోయ గోడల్లోంచి మెల్లగా బయటికి వస్తుంది. అందుకే చుట్టూ వాగులన్నీ ఎండిపోయే చైత్రంలో కూడా ఇక్కడ ధార ఆగదు. పైన అడవి ఉన్నంతకాలమే ఈ ఇంకుడు. చెట్టు పోతే మట్టి పోతుంది, మట్టి పోతే వాన నీరు రాయి మీద జారి పోతుంది తప్ప లోపలికి దిగదు.

లోయ చివర మూడు పక్కలా నిలువు గోడలు. పై నుంచి నీళ్లు పడుతున్నాయి. మరీ పెద్ద ధార కాదు. అంత ఎత్తు నుంచి వస్తూ వస్తూ గాలికి తుంపరగా విడిపోయి, గుండంలో పడేసరికి మళ్లీ నీరవుతుంది. ఆ తుంపర కింద నిలబడితే ఒళ్లు ఝల్లుమంది. గుండంలో దిగినవాళ్లు చలికి కేకలు పెడుతున్నారు. పక్కనే గుహలు. పై గుహలో లింగమయ్య. కింది గుహలోనూ లింగమే ఉంది, అక్కడివాళ్లు ఆ దైవాన్ని వీరభద్రుడంటారు. పూజారులు చెంచులే. మంత్రాలు పెద్దగా లేవు. మన పేరు, ఊరు అడిగి, లింగమయ్యకు వాళ్ల మాటల్లోనే చెప్పి, చేతిలో బొట్టు, ఇంత తీర్థం పెడతారు. దేవుడితో ఇంటి పెద్దతో మాట్లాడినట్టు మాట్లాడే ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. శ్రీశైలం మల్లన్ననైనా చెంచులు తమ ఆడపడుచును చేసుకున్న అల్లుడిగానే చూస్తారు. ఈ కొండల్లో వాళ్లకు దేవుడు చుట్టమే.

మనసు చివుక్కుమన్నది గుండం దాటి కాస్త కిందికి వెళ్లినప్పుడు. గేటు దగ్గర అంత వెతికినా నీళ్ల సీసాలు, గుట్కా పొట్లాలు, కొబ్బరికాయల ప్లాస్టిక్ సంచులు రాళ్ల సందుల్లో కుక్కి ఉన్నాయి. గుండంలోంచి పారే వాగు వాటి మీదుగా పోతోంది. మా ట్రాకర్ ఒక గోనె సంచి తీసి ఏరడం మొదలుపెట్టాడు. మేమూ ఏరాం. మమ్మల్ని చూసి ఇంకొందరు వంగారు. "జాతర అయిపోయాక కొన్నాళ్లు జంతువులు ఈ నీటి దగ్గరికి రావు. మనుషుల వాసన పోవాలి గదా. ఆ తరువాత చిరుత అడుగులు ముందు కనిపిస్తాయి" అన్నాడు అతను. ఈ మాట విన్నప్పటి నుంచి నా మనసులో ఒకటే. వేసవిలో అడవికి నీరే ప్రాణం. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం ఆ నీటిని ఆక్రమిస్తాం. కొద్ది రోజులే కాబట్టి అడవి ఓర్చుకుంటోంది.

పైకి ఎక్కేటప్పుడు కేక మారుతుంది: "పోతున్నాం పోతున్నాం లింగమయ్యా." ఎక్కడం దిగడం కంటే కష్టం. మామయ్య చాలాసార్లు కూర్చున్నాడు. స్వచ్ఛందంగా వచ్చిన యువకులు అంబలి, మజ్జిగ పోస్తున్నారు. మా పక్కన కూర్చున్న ఒకాయన, సిమెంటు మెట్లు కట్టి, కింది దాకా రోడ్డు వేస్తే ఏడాదంతా రావచ్చు కదా అన్నాడు. ఆయన మాటలో చెడు లేదు. ముసలితల్లిని తీసుకురాలేకపోయానన్న బాధ ఉంది. కానీ మామయ్య ఆయాసంతోనే జవాబిచ్చాడు: "రోడ్డు వేస్తే ఏడాదంతా మనం వస్తాం. ఆ ధార మాత్రం ఏడాదంతా రాదు అన్నా." నేను మామయ్య పక్షమే. ఈ లోయను ఇన్నాళ్లూ కాపాడింది ఈ బండలు, ఈ ఇరుకు అంచు, ఈ మూసిన గేటు. కష్టపడి చేరగలిగే చోటు ఒక్కటైనా మిగలాలి. నా ముసలితనంలో నేను రాలేకపోయినా సరే.

పాడ్యమి

కాళ్లు కదలనంటున్నా వటవర్లపల్లి మీదుగా మల్లెల తీర్థం చూసి వెనక్కి వచ్చాం. మెట్లు దిగి వెళ్తే చల్లటి మడుగు, సన్నటి ధార. నిన్నటి లోయను చూసిన కళ్లకు అది అంతగా ఆనలేదు.

వటవర్లపల్లిలో మాటలు వేరే. అభయారణ్యం లోపలి కొన్ని ఊళ్లను బయటికి తరలించాలని ఆలోచన నడుస్తోంది. స్వచ్ఛందంగా కదిలే కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదా ఇల్లు, భూమి. ఆసుపత్రి, బడి దగ్గరవుతాయని ఇష్టపడేవాళ్లు ఉన్నారు, ముఖ్యంగా చదువుకుంటున్న పిల్లలున్నవాళ్లు. ఒక చెంచు పెద్దామె మాత్రం గడ్డలు తవ్వే గునపం చూపించి, "ఇది పట్టుకుని అక్కడ ఎక్కడ తవ్వాలి?" అంది. గడ్డ తవ్వినప్పుడు తల భాగాన్ని మళ్లీ మట్టిలోనే పెట్టి కప్పుతానని, వచ్చే ఏడు అక్కడే మొలుస్తుందని చెప్పింది. ఆకలైనప్పుడు కూడా వచ్చే ఏడాదికి వదిలే మనిషి పులికి అడ్డు ఎలా అవుతుంది? 2006 నాటి అటవీ హక్కుల చట్టం వాళ్ల సమ్మతి లేకుండా కదిలించకూడదనే చెబుతోంది. కదలాలనుకునేవాళ్లకు అన్నీ అందాలి, ఉండాలనుకునేవాళ్లను ఉండనివ్వాలి. ఒక్క పూట మాటలతో ఇంతకంటే చెప్పే హక్కు నాకు లేదు.

సాయంత్రం బస్సులో మామయ్య హాజీపూర్‌లో దిగిపోయాడు. ఆయన కర్ర నాకే ఇచ్చాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. జాతర తేదీలు, గేటు వేళలు ప్రతి ఏడాదీ అటవీ శాఖ ప్రకటిస్తుంది. చైత్ర పున్నమికి వారం ముందు నుంచే కనుక్కోండి. ముందు రోజు రాత్రికే మన్ననూరులోనో అచ్చంపేటలోనో ఉండండి. చీకటి పడే లోపు అడవి బయటికి రావాలి కాబట్టి గేటు తెరిచే వేళకే అక్కడ ఉండాలి. గట్టి చెప్పులు, కర్ర, స్టీలు సీసాలో నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ఆ లోయలో దిగవద్దు, ఎండలో ఆ ఎక్కుడు చాలా ప్రమాదం. తీసుకెళ్లిన ప్రతి వస్తువూ తిరిగి మీ సంచిలోనే రావాలి. వచ్చే చైత్రంలో జాతర ముగిశాక చెత్త ఏరడానికి అచ్చంపేట నుంచి ఒక బృందాన్ని కూడగడతానని మామయ్య అన్నాడు. అటవీ శాఖ అనుమతిస్తే హైదరాబాద్ నుంచి మేము కొందరం గోనె సంచులతో వెళ్తాం. జీపులో ఇంకా చోటుంది.